కార్చిచ్చు వచ్చే అడవి అంచున ఇల్లు కడుతున్నారా? కాంట్రాక్టు ఇలా రాసుకోండి

మామూలు ఇంటి కాంట్రాక్టులో నిప్పు గురించి ఉండేది ఒకే ఒక్క వాక్యం. "భూకంపం, వరద, అగ్నిప్రమాదం, యుద్ధం వంటి కారణాల వల్ల పని ఆగితే ఏ పక్షానికీ బాధ్యత లేదు." ఊరి నడుమ కట్టే ఇంటికి అది చాలు. అడవి అంచున చాలదు. అక్కడ కార్చిచ్చు ఏటా ఫలానా నెలల్లో వస్తుందని అందరికీ తెలుసు. ముందే తెలిసిన ముప్పును 'అనుకోని విపత్తు' కింద రాసుకుంటే, తీరా మంటలు వచ్చినప్పుడు పేచీ తప్పదు. "ఇది మా చేతుల్లో లేనిది" అని కాంట్రాక్టర్ అంటారు. "ఈ కొండకు ఏటా మంటలొస్తాయని మీకు తెలియదా" అని యజమాని అంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంటుంది, కాబట్టే అలాంటి తగాదాలు ఓ పట్టాన తెగవు.

అందుకే ఈ కాంట్రాక్టులో నిప్పును ఒక మూల క్లాజులో పెట్టకూడదు. గడువు, ధర, సామాను, బీమా, బిల్లులు అన్నిటిలోనూ దాని లెక్క ఉండాలి. ఏ క్రమంలో ఆ పని చేయాలో కింద రాస్తున్నాను. ఇది యజమాని వైపు నుంచి రాసినదే అయినా, నిజాయితీగా పనిచేసే కాంట్రాక్టర్ దీన్ని కాదనరు. స్పష్టత వల్ల ఆయనకూ అంతే మేలు.

1. ధర అడగక ముందు స్థలానికి వేడి లెక్క కట్టించండి

ఆస్ట్రేలియాలో ఏఎస్ 3959 అనే ప్రమాణం ఉంది. చుట్టూ ఏ రకం చెట్టూచేమా ఉంది, అది ఇంటికి ఎంత దూరం, నేల వాలు ఎంత అని చూసి స్థలానికి ఒక రేటింగ్ ఇస్తారు. తక్కువ ముప్పు దాటాక వరుసగా 12.5, 19, 29, 40, ఆ పైన ఫ్లేమ్ జోన్ (మంటే నేరుగా ఇంటిని తాకే చోటు). ఆ అంకెలు గోడను తాకే వేడిని చదరపు మీటరుకు ఇన్ని కిలోవాట్లని చెబుతాయి. కాలిఫోర్నియాలోనైతే ప్రభుత్వమే ముప్పు తీవ్రతను బట్టి మండలాల మ్యాపులు ప్రకటిస్తుంది. మీ చోట అధికారిక పద్ధతేదీ లేకపోతే, అడవి మంటల మీద పనిచేసిన ఇంజినీరు చేత రాతపూర్వకంగా అంచనా తీసుకోండి.

వాలును తేలిగ్గా తీసుకోవద్దు. మంట ఎగువకు పాకేటప్పుడు ప్రతి 10 డిగ్రీల వాలుకు దాని వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది అగ్నిమాపక సిబ్బంది వాడే లెక్క. దిగువన అడవి, పైన ఇల్లు ఉన్న స్థలానికీ, సమతలంలో ఉన్న స్థలానికీ కట్టే తీరు ఒకటి కాదు, ధరా ఒకటి కాదు.

ఆ నివేదికను తేదీతో సహా కాంట్రాక్టుకు అనుబంధంగా జోడించండి. సంతకాలయ్యాక ప్రభుత్వం మ్యాపు మార్చి రేటింగ్ పెంచితే అదనపు ఖర్చు ఎవరిది, గడువు ఎంత పెరుగుతుంది అన్నది ఒక వాక్యంలో తేల్చండి. ఆ ఖర్చు యజమాని భరించడమే సబబని నా అభిప్రాయం. కాంట్రాక్టర్ మీద వేస్తే, ఆయన ఆ భయానికి కూడా వెల కట్టి మొదటి రోజే ధరలో కలుపుతారు. ఇంటి చుట్టూ చెట్లు కొట్టాలంటే ఎవరి అనుమతి కావాలో తెలుసుకుని, అది చేతికి వచ్చాకే పని మొదలయ్యే తేదీ లెక్కలోకి వచ్చేట్టు రాసుకోండి.

2. సామాను జాబితా: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

అడవి మంటల్లో ఇళ్లు పోవడానికి పెద్ద కారణం గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వలు. మంట ఇంకా ఎక్కడో ఉండగానే అవి చూరు సందుల్లో, వెంటిలేటర్లలో, గట్టర్లో పేరుకున్న ఎండుటాకుల్లో, చెక్క డెక్ పలకల మధ్య దూరి అంటుకుంటాయి. 2018 నవంబరులో కాలిఫోర్నియాలోని పారడైజ్ పట్టణాన్ని కాల్చేసిన 'క్యాంప్ ఫైర్' అనే కార్చిచ్చు తర్వాతి ఫొటోల్లో, ఇల్లు పునాది దాకా బూడిదై, పక్కనే చెట్లు ఆకుపచ్చగా నిలబడి కనిపిస్తాయి. అడవి నుంచి అడవికి పాకే మంటకు, ఇంట్లోకి దూరే రవ్వకు ఉన్న తేడా ఆ ఫొటోల్లో తెలుస్తుంది. కాబట్టి కాంట్రాక్టులోని సామాను జాబితా సందుల గురించి, చిన్న చిన్న రంధ్రాల గురించి మాట్లాడాలి.

ఒక్క వెంటిలేటర్‌నే చూద్దాం. చాలా కాంట్రాక్టుల్లో "అటక కింద తగిన వెంటిలేషన్ ఏర్పాటు చేయాలి" అని ఉంటుంది. ఆ వాక్యం ప్రకారం 6 మిల్లీమీటర్ల కళ్లున్న ప్లాస్టిక్ జాలీ బిగించినా పని పూర్తయినట్టే. రవ్వ దర్జాగా లోపలికి పోతుంది, ప్లాస్టిక్ కరిగిపోతుంది. అదే వాక్యాన్ని ఇలా రాయండి:

"అటక, నేలకింది ఖాళీ, చూరు వెంటిలేటర్లన్నీ ఏఎస్‌టీఎం ఇ2886 పరీక్షలో రవ్వలను, మంటను ఆపగలవని తేలినవే అయి ఉండాలి. అలాంటివి దొరకని చోట, యజమాని రాతపూర్వక ఆమోదంతో, 2 మిల్లీమీటర్లకు మించని కళ్లున్న తుప్పుపట్టని లోహపు మెష్ వాడాలి. ప్లాస్టిక్, ఫైబర్ గ్లాస్ మెష్ ఎక్కడా వాడరాదు. బిగించే ముందు ప్రతి వెంటిలేటర్ లేబుల్‌ను ఫొటో తీసి ఇవ్వాలి."

ఆస్ట్రేలియా ప్రమాణం మెష్ కళ్లకు పెట్టిన గరిష్ఠ పరిమితి 2 మిల్లీమీటర్లు. కాలిఫోర్నియా నిబంధనలు 1.6 నుంచి 3.2 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటాయి. మీ చోట ఏది చట్టమో అది కనీసం. అంతకన్నా గట్టిది అడగడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఇదే పద్ధతిలో కప్పు (మంటను తట్టుకోవడంలో అన్నిటికన్నా పై శ్రేణి అయిన క్లాస్ ఎ రేటింగ్, పెంకుల అంచుల్లో ఖాళీలు మూసే ఏర్పాటు), చూరు అడుగు భాగం, గోడ పైపూత లేదా పలకలు, గట్టర్ మూత, డెక్, తలుపు కింది సందు ఒక్కొక్కటీ రాయాలి. కిటికీలకు రెండు పొరల అద్దం, అందులో కనీసం ఒక పొర టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరచిన) అద్దం ఉండాలి. వేడికి మామూలు అద్దం పగిలితే ఆ కన్నంలోంచి రవ్వలన్నీ గదిలోకే వస్తాయి.

"లేదా దానికి సమానమైనది" అన్న మాట ఇలాంటి జాబితాల్లో అలవాటుగా వచ్చేస్తుంది. ఇక్కడ దాన్ని ఊరికే వదలకండి. సమానమని ఎవరు నిర్ణయిస్తారు? పరీక్ష నివేదిక చూపించాలి, యజమాని తరఫు ఇంజినీరు ఏడు రోజుల్లో రాతలో ఒప్పుకోవాలి, ఒప్పుకోకుండా వాడితే కాంట్రాక్టర్ సొంత ఖర్చుతో పీకి మళ్లీ పెట్టాలి అని ఉండాలి. మార్కెట్లో సామాను కొరత వచ్చినప్పుడు మొదట మారిపోయేవి ఈ చిన్న చిన్న వస్తువులే.

ఇంకొకటి, మూసేసే ముందు తనిఖీ. గోడ పలకల వెనక, చూరు లోపల ఏం పెట్టారో పైన పలక పడ్డాక కనిపించదు. "ఫలానా దశల్లో ఇంజినీరు చూసి సంతకం పెట్టేవరకు మూయరాదు" అని దశల పేర్లతో రాయండి. నోటీసు ఇచ్చిన రెండు పనిదినాల్లో ఇంజినీరు రాకపోతే ఆ ఆలస్యం యజమాని ఖాతాలో పడుతుందని కూడా రాయండి, లేకపోతే క్లాజు ఒకవైపే లాగినట్టవుతుంది.

3. గడువు: మంటల కాలాన్ని క్యాలెండరులోనే పెట్టండి

అంతర్జాతీయ నమూనా కాంట్రాక్టులు ఈ విషయంలో ఏం చేస్తాయో తెలిస్తే మన క్లాజు రాసుకోవడం సులువు. అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజినీర్ల సమాఖ్య అయిన ఫిడిక్ 1999లో తెచ్చిన కాంట్రాక్టుల్లో 'ఫోర్స్ మెజూర్' (మన చేతుల్లో లేని విపత్తు) అని ఉన్నదాన్ని 2017 కూర్పులో 'అసాధారణ సంఘటనలు' అని మార్చారు. అలాంటిది జరిగితే తెలిసిన 14 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. గడువు పెంపు, డబ్బు అడిగే క్లెయిములకు 28 రోజులు. అమెరికాలో ఎక్కువగా వాడే, అక్కడి ఆర్కిటెక్టుల సంస్థ ఏఐఏ తయారుచేసిన ఏ201 (2017) నమూనా గడువు పెంచడానికి ఒప్పుకునే కారణాల్లో అగ్నిని పేరు పెట్టి చెబుతుంది. అక్కడ క్లెయిము నోటీసుకు 21 రోజులు. వీటిలో ఏది వాడినా, పని చోటికి మంట రాకుండానే పని ఆగిపోయే రోజుల సంగతి విడిగా రాసుకోవాలి. అడవి అంచున ఎక్కువగా పోయేవి ఆ రోజులే.

అవి ఎలాంటివంటే, గాలి, పొడి తీవ్రంగా ఉన్నప్పుడు అమెరికా వాతావరణ శాఖ రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక ఇస్తుంది. ఆస్ట్రేలియాలో టోటల్ ఫైర్ బ్యాన్ (ఆరుబయట నిప్పుకు పూర్తి నిషేధం) ప్రకటించిన రోజు ఆరుబయట వెల్డింగ్, గ్రైండింగ్ వంటి పనులు ఆపేయాలి. దూరాన మంట ఉన్నా పొగ కమ్మేస్తుంది. కాలిఫోర్నియా కార్మిక భద్రతా నిబంధనల ప్రకారం సూక్ష్మ ధూళి కణాల గాలి నాణ్యత సూచీ 151 చేరితే ఆరుబయట పనివాళ్లకు వాళ్లను పనిలో పెట్టుకున్న సంస్థ మాస్కులు అందుబాటులో ఉంచాలి, 500 దాటితే అవి పెట్టుకోవడం తప్పనిసరి. దారి మూసేస్తారు, కరెంటు ఆపేస్తారు, ఖాళీ చేయమంటారు.

వీటన్నిటికీ కలిపి నేను సూచించే పద్ధతి: గతంలో మీ ప్రాంతంలో ఏడాదికి సుమారు ఎన్ని హెచ్చరిక రోజులు వచ్చాయో వాతావరణ శాఖ రికార్డు చూసి, అన్ని రోజులను మొదటే గడువులో కలిపేయండి. ఆ లోపు పోయిన రోజులకు కాంట్రాక్టర్ ఏమీ అడగకూడదు. దాటిన ప్రతి రోజుకూ గడువు పెరుగుతుంది. క్లాజు ఇలా ఉండొచ్చు:

"పని కాలంలో అగ్ని హెచ్చరిక, పొగ, దారి మూత, ఖాళీ ఆదేశం వల్ల ఆగే 12 పనిదినాలు ఒప్పుకున్న గడువులోనే కలిసి ఉన్నాయి. అంతకు మించిన ప్రతి దినానికీ ఒక దినం గడువు పెరుగుతుంది. రోజు లెక్కకు ఆధారం ప్రభుత్వ ప్రకటన, లేదా ఇరువురూ ఒప్పుకున్న గాలి నాణ్యత కేంద్రం ఉదయం 7 గంటల రీడింగ్. ఆ రోజే సైట్ డైరీలో రాసి మరుసటి పనిదినం లోపు పంపాలి."

12 అన్నది ఉదాహరణ కోసం వేసిన అంకె, మీ చోటి లెక్క వేరు. సైట్ డైరీని నామమాత్రంగా చూడకండి. తేదీ, సమయం, ఏ హెచ్చరిక, ఏ పని ఆగింది, ఏ పని సాగింది, ఎంతమంది వచ్చి తిరిగి వెళ్లారు. ఆరు వరుసలు. వెల్డింగ్ ఆపాల్సిన రోజు లోపల ప్లంబింగ్ చేసుకోవచ్చు కదా, కాబట్టి మొత్తం రోజు పోయిందా, సగం పోయిందా అన్నది ఆ వరుసల్లోనే తేలుతుంది.

గడువు పెరిగిన రోజులకు డబ్బు కూడా ఇవ్వాలా? ఇద్దరి తప్పూ లేని రోజులకు సమయం మాత్రమే ఇవ్వడం సాధారణ పద్ధతి. అద్దెకు తెచ్చిన క్రేను, పరంజా ఊరికే నిలబడిపోతే వాటి అసలు అద్దెను మాత్రం రసీదు మీద ఇవ్వడం న్యాయం. అలా రాసుకుంటే కాంట్రాక్టర్ ప్రమాదకరమైన రోజున కూడా పని లాగించాలని చూడరు. ఆలస్యానికి రోజువారీ జరిమానా పెట్టే యజమానులు ఈ సంగతి మరీ ఆలోచించాలి. హెచ్చరిక రోజున పని ఆపినందుకు జరిమానా పడేట్టు క్లాజు ఉంటే, మనమే ఆ కార్మికులను మంటకు దగ్గరగా తోసినట్టు.

4. మీ సైటు నుంచే మంట పుట్టకుండా

2018లో కాలిఫోర్నియాలో 4 లక్షల ఎకరాలకు పైగా కాల్చిన రాంచ్ ఫైర్ ఎలా మొదలైందో దర్యాప్తులో తేలింది. ఒకరు నేలలోకి ఇనుప మేకును సుత్తితో కొడుతుంటే ఎగిరిన రవ్వ ఎండుగడ్డిలో పడింది. అదే ఏడాది కార్ (Carr) ఫైర్ అనే మరో కార్చిచ్చు, ట్రెయిలర్ టైరు పంక్చరై చక్రపు రిమ్ము రోడ్డుకు రాసుకున్నందువల్ల పుట్టింది. ఇల్లు కట్టే చోట ఇలాంటి రవ్వలు రోజంతా పుడుతూనే ఉంటాయి. రాడ్ కటింగ్, గ్రైండింగ్, వెల్డింగ్, జనరేటరు, ఎండుగడ్డి మీద నిలిపిన లారీ సైలెన్సరు.

కాంట్రాక్టులో ఉండాల్సినవి: రవ్వలు పుట్టే పనికి ఆ రోజుకు ఆ పనికే రాతపూర్వక పర్మిట్. చుట్టూ 11 మీటర్ల మేర మండే వస్తువేదీ లేకుండా తీసేయడం. పని అయిపోయాక కనీసం గంటసేపు ఒకరు అక్కడే కాపలా ఉండడం. వెల్డింగ్ వంటి పనుల్లో అగ్ని భద్రతకు అమెరికాలో వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 51బి ప్రమాణం 2019 కూర్పులో ఈ కాపలా సమయాన్ని అరగంట నుంచి గంటకు పెంచింది. ఇంజన్లకు రవ్వలు బయటికి రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్లు. పని మొదలవక ముందే నీటి ట్యాంకు, పంపు, కరెంటు లేకున్నా నడిచే ఇంజను. పొగ తాగడానికి ఒకే ఒక చోటు. చెక్క, థర్మాకోల్, పెయింటు డబ్బాలను వారంలో వాడేంత మాత్రమే సైటులో ఉంచడం.

పని క్రమం కూడా రాయాలి. చెక్క చట్రంతో కట్టే ఇల్లు, కప్పూ గోడపలకలూ పడకముందు నిలువునా మండే దశలో ఉంటుంది. కాబట్టి మంటల కాలం మొదలయ్యేలోపు కప్పు, బయటి గోడలు, వెంటిలేటర్లు మూతపడాలని ఒక మైలురాయి పెట్టండి. అది కుదరకపోతే ఆ కాలం గడిచాకే చట్రం ఎత్తాలి.

సైటు నుంచి మంట పాకితే నష్టం పొరుగిళ్లతో ఆగదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం నిర్లక్ష్యంతో మంట పెట్టినవారి నుంచి దాన్ని ఆర్పడానికైన ఖర్చు కూడా రాబట్టవచ్చు. అది కోట్లలో ఉంటుంది, చిన్న కాంట్రాక్టర్ ఆస్తి మొత్తం అమ్మినా తీరదు. అందుకే బాధ్యత ఎవరిదని రాసి వదిలేయకుండా, ఆ బాధ్యతను మోసే బీమా ఉందో లేదో చూడాలి. మంటలార్పే ఖర్చు మూడో పక్షపు బాధ్యత పాలసీలోకి (ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే బీమాలోకి) వస్తుందని బీమా కంపెనీ చేత రాతలో చెప్పించుకోండి. సబ్‌కాంట్రాక్టర్లకూ ఇవే నియమాలు వర్తించాలి. గ్రైండర్ పట్టుకునేది ఎక్కువగా వాళ్లే.

5. బీమా పాలసీ చేతికొచ్చాకే సంతకం

చాలామంది ముందు కాంట్రాక్టు మీద సంతకం పెట్టి, తర్వాత బీమా చూసుకుందామనుకుంటారు. ఈ ప్రాంతాల్లో అది చాలా ప్రమాదం. కాలిఫోర్నియాలో అతిపెద్ద గృహబీమా కంపెనీయే 2023 మేలో కొత్త దరఖాస్తులు ఆపేసింది. పైగా దగ్గర్లో మంట రేగిందంటే అది ఆరేదాకా ఆ ప్రాంతంలో కొత్త పాలసీలు ఇవ్వడం, ఉన్నవాటి మొత్తం పెంచడం కంపెనీలు నిలిపేస్తాయి. సరిగ్గా కావలసిన రోజున దొరకదన్నమాట.

కడుతున్న ఇంటికి తీసుకునే పాలసీలో ఇవి చూడండి. కార్చిచ్చుకు మినహాయింపుగానీ, విడిగా పెద్ద మొత్తం మనమే భరించాలన్న షరతుగానీ ఉందా. సైటులో నిలవ ఉన్న, దారిలో ఉన్న సామాను కూడా ఉందా. శిథిలాల తొలగింపు ఉందా. పొగ, మసి నష్టం ఉందా. కొత్త నిబంధనల ప్రకారం మళ్లీ కట్టాల్సి వస్తే ఆ అదనపు ఖర్చు ఉందా. గడువు పెరిగితే పాలసీ పొడిగింపు ఎవరు కడతారు. యజమాని, కాంట్రాక్టర్, సబ్‌కాంట్రాక్టర్ల పేర్లు మూడూ అందులో ఉంటే, నష్టం తర్వాత బీమా కంపెనీ ఒకరి తరఫున ఇంకొకరి మీద దావా వేసే అవకాశం తగ్గుతుంది. "పాలసీ అమల్లోకి వచ్చిన రుజువు అందేవరకు ఈ కాంట్రాక్టు ప్రకారం ఎవరికీ బాధ్యతలు మొదలుకావు" అన్న వాక్యం మీద గట్టిగా నిలబడండి. ఈ ఒక్క భాగాన్నయినా స్థానిక న్యాయవాదికి చూపించడం అవసరం, ఎందుకంటే చట్టం ప్రాంతాన్ని బట్టి మారుతుంది.

6. బిల్లులు, ధర

పెద్ద మంట తర్వాత వేల కుటుంబాలు ఒకేసారి ఇళ్లు కట్టుకోవాల్సి వస్తుంది. మేస్త్రీలు దొరకరు, కలప, సిమెంటు ధరలు ఎగబాకుతాయి. కాలిఫోర్నియాలో అత్యవసర పరిస్థితి ప్రకటించాక ధరలను 10 శాతానికి మించి పెంచకూడదన్న చట్టం ఉన్నా, అసలు ఖర్చే పెరిగిందని చూపిస్తే అది అడ్డుకాదు. కాబట్టి స్థిర ధర కాంట్రాక్టులో కూడా కలప, ఉక్కు, కప్పు సామాను వంటి నాలుగైదు వస్తువులకు మూల ధర రాసి, దానికి మించి ఇంత శాతం పెరిగితేనే తేడా లెక్కిస్తామని, తగ్గితే ఆ మేలు యజమానికి వస్తుందని రాసుకోవడం మంచిది.

బిల్లులను పని శాతాన్ని బట్టి కాక, రక్షణ దశలను బట్టి విడగొట్టండి. కప్పు, గోడలు, వెంటిలేటర్లు మూతపడి తనిఖీ అయిన దశకు పెద్ద వాటా పెట్టండి. సైటులో నిలవ ఉన్న సామానుకు డబ్బిస్తే, అది మీ పేరున మారి బీమాలో చేరిందన్న కాగితం తీసుకునే ఇవ్వండి.

7. సగం ఇల్లు కాలిపోతే

రాయడానికి మనసు రాని క్లాజు ఇది. అయినా రాసి తీరాలి. కాలాక మొదటి పని భద్రత, రెండోది ఏదీ కదిలించకుండా ఫొటోలు, మూడోది బీమా కంపెనీకి సమాచారం. బూడిదలో విషపదార్థాలు ఉండొచ్చు, కాబట్టి తొలగింపు అందుకు అర్హత ఉన్నవారి చేతే జరగాలి.

మిగిలిన భాగం వాడుకోవచ్చా అన్నది కాంట్రాక్టరూ చెప్పకూడదు, యజమానీ చెప్పకూడదు. స్వతంత్ర స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాలి, ఆ ఫీజు ఎవరిదో ముందే రాయాలి. కాంక్రీటు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే బలం తగ్గడం మొదలవుతుంది. చాలా రకాల కంకరలో అప్పుడు గులాబీ ఛాయ కనిపిస్తుంది. పైకి బాగానే నిలబడ్డ పునాది మీద తొందరపడి కట్టేస్తే లోపం ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

తర్వాత ఎవరి దారి ఏమిటి? ఇలా రాసుకోవచ్చు: నష్టం జరిగిన 60 రోజుల్లో బీమా సొమ్ము ఖాయమై, ఇరువురూ కొత్త ధర, గడువు ఒప్పుకుంటే పని కొనసాగుతుంది. లేకపోతే ఎవరైనా రాతపూర్వక నోటీసుతో బయటికి రావచ్చు. అప్పటిదాకా తనిఖీ అయి ఆమోదం పొందిన పనికి డబ్బు చెల్లించాలి, రాని లాభానికి పరిహారం ఉండదు.

8. తాళాలు తీసుకునే రోజు

పని పూర్తయిందని ఒప్పుకోవడానికి రంగులు, టైల్సు చూస్తే చాలదు. ఇంజినీరుతో కలిసి ఇంటి చుట్టూ నడవండి. చేతిలో సామాను జాబితా, ఒక చిన్న కొలత గేజి ఉండాలి. 3 మిల్లీమీటర్ల కడ్డీ దూరే సందు ఎక్కడ కనిపించినా గుర్తు పెట్టి లోపాల పట్టికలో రాయండి. పైపులు, కేబుళ్లు గోడలోంచి బయటికొచ్చే చోట్లు, గ్యారేజీ తలుపు అంచులు, కప్పు మలుపులు ఎక్కువగా దొరికే స్థలాలు.

ఇంటి గోడకు ఆనుకుని మొదటి 1.5 మీటర్ల మేర మండేదేదీ ఉండకూడదు. గడ్డి, చెక్కపొట్టు, పొదలు, చెక్క కంచె ఏదీ. చివర్లో తోటపని చేసేవాళ్లు అందంగా ఉంటుందని అక్కడే చెక్కపొట్టు పరిచి పోతుంటారు, కాబట్టి వాళ్ల కాంట్రాక్టులోనూ ఇదే నియమం పెట్టండి. అగ్నిమాపక వాహనం గేటు దాటి వచ్చి తిరగగలదా అని స్థానిక కేంద్రం వాళ్లను ఒకసారి రమ్మని అడిగి చూపించండి.

చివరి విడత డబ్బు విడుదలకు ముందు మీ చేతికి రావాల్సిన కాగితాలు: వెంటిలేటర్లు, కప్పు, అద్దాలు, గోడపలకల పరీక్ష ధ్రువపత్రాలు, మూసేముందు తీసిన ఫొటోలు, ప్రభుత్వ తనిఖీ పత్రాలు, ఏ నెలలో ఏం శుభ్రం చేయాలో చెప్పే నిర్వహణ పట్టిక. వీటి ప్రతులను ఆ ఇంట్లో కాకుండా వేరే చోట కూడా ఉంచండి. బిల్లుల్లోంచి హామీగా నిలిపి ఉంచిన సొమ్ములో సగాన్ని తాళాలిచ్చిన రోజున, మిగతా సగాన్ని ఇల్లు ఒక పూర్తి మంటల కాలం గడిచి, మరోసారి సందుల తనిఖీ అయ్యాక ఇచ్చేలా రాసుకోండి. ఎండకు, చలికి చెక్క కుంచించుకుపోయి కొత్త సందులు తెరుచుకునేది ఆ మొదటి ఏడాదిలోనే.